వెస్టర్న్ బ్లాట్ లెక్కకు యాక్టిన్ బ్యాండ్ చాలునా, మొత్తం ప్రోటీన్ చూడాలా?

పత్తి పరిశోధకుడు, హన్మకొండ

అందరికీ నమస్కారం. నీళ్లు ఆపి పది రోజులు ఉంచిన పత్తి మొక్కల ఆకుల్లో హెచ్‌ఎస్‌పీ70 అనే ఒత్తిడి ప్రోటీన్ ఎంత పెరిగిందో వెస్టర్న్ బ్లాట్‌తో (ప్రోటీన్లను పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) కొలిచాను. ఆ బ్యాండ్ తీవ్రతను, పోలికకు వాడే యాక్టిన్ అనే కణ ప్రోటీన్ బ్యాండ్‌తో భాగిస్తే పెరుగుదల 2.1 రెట్లు వస్తున్నది. యాంటీబాడీ వేయకముందు అదే మెంబ్రేన్‌ను, ప్రోటీన్లన్నిటికీ అంటుకునే పాన్సో ఎస్ రంగులో ముంచి తీసిన ఫోటో నా దగ్గర ఉంది. అందులో ఒక్కో వరుసలోని మొత్తం ప్రోటీన్‌తో భాగిస్తే 1.5 రెట్లే వస్తున్నది. మా గైడ్ గారు యాక్టిన్ లెక్కనే రాయమంటున్నారు. ఈ రెండింటిలో దేనిని నమ్మాలో పెద్దలు చెప్పగలరు.

జీవరసాయన అధ్యాపకురాలు, కరీంనగర్

మొత్తం ప్రోటీన్ లెక్కనే రాయండి. యాక్టిన్ అన్ని కణాల్లోనూ ఒకే మోతాదులో ఉంటుందన్న నమ్మకం మీద చాలామంది ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. కానీ ఆ నమ్మకాన్ని ప్రతి ప్రయోగంలోనూ విడిగా రుజువు చేసుకోవలసిందే. ఇలాగే పోలికకు వాడే జీఏపీడీహెచ్ ప్రోటీన్ సంగతీ అంతే, ఆక్సిజన్ తగ్గిన కణాల్లో దాని మోతాదు పెరుగుతుంది. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ తన రచయితలకు ఇచ్చే సూచనల్లో కూడా మొత్తం ప్రోటీన్‌తో సరిచూడడమే మేలని చెబుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. 1979లో టౌబిన్, స్టేలిన్, గోర్డన్ కరెంటు సాయంతో ప్రోటీన్లను జెల్ నుంచి నైట్రోసెల్యులోజ్ మీదికి ఎక్కించే పద్ధతిని ప్రకటించారు, 1981లో బర్నెట్ దానికి వెస్టర్న్ బ్లాటింగ్ అన్న పేరు పెట్టారు. ఒక ప్రోటీన్ ఉన్నదా లేదా అని చూడడానికి అది చక్కని పద్ధతి. ఎంత ఉన్నదని అడిగినప్పుడు మాత్రం, ప్రోటీన్ రెట్టింపైతే వెలుగు కూడా రెట్టింపవుతున్నదా అని ముందే పరీక్షించుకోవాలి. 20, 30 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఎక్కించిన వరుసలో యాక్టిన్ ఎంత సమృద్ధిగా ఉంటుందంటే, కెమిలూమినిసెన్స్‌లో (రసాయన చర్యతో పుట్టే వెలుగుతో బ్యాండ్‌ను చూసే పద్ధతిలో) ఆ బ్యాండ్ తొందరగా గరిష్ఠ స్థాయికి చేరి ఆగిపోతుంది. ఆ పైన ప్రోటీన్ పెరిగినా బ్యాండ్ పెరగదు.

మీరు ఎన్ని మైక్రోగ్రాములు ఎక్కించారు? యాక్టిన్‌కు పలుచన వరుస (ఒకే నమూనాను వేర్వేరు మోతాదుల్లో ఎక్కించి చూడడం) చేశారా?

వైద్య పరిశోధన విద్యార్థి, వరంగల్

మేడమ్ గారితో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. పాన్సో ఎస్ మొరటు రంగు, కొద్దిపాటి ప్రోటీన్‌ను అది పట్టుకోలేదు. పైగా ఇది ఆకు. పత్తి వంటి మొక్కల ఆకుల్లో కరిగే ప్రోటీన్లలో సగం వరకు కిరణజన్య సంయోగక్రియకు పనికివచ్చే రుబిస్కో అనే ఎంజైమే ఉండవచ్చు, దాని పెద్ద ఉపభాగం 55 కిలోడాల్టన్ల దగ్గర మందంగా కనబడుతుంది. నీళ్లు లేక ఆకు వడలితే రుబిస్కో తగ్గుతుంది. అప్పుడు మొత్తం ప్రోటీన్ అనే పేరుతో మనం కొలిచేది ప్రధానంగా రుబిస్కోనే కదా? యాక్టిన్‌కైతే హెచ్‌ఎస్‌పీ70కు వాడిన యాంటీబాడీ పద్ధతే, డిటెక్షన్ కూడా అదే.

జీవరసాయన అధ్యాపకురాలు, కరీంనగర్

మీ ఆక్షేపణ బలమైనది, తోసిపుచ్చను. కానీ దాన్ని ఈ అంకెల మీద పెట్టి చూద్దాం. ఎక్కించిన మైక్రోగ్రాములు సమానమై, ఎండిన మొక్కల్లో రుబిస్కో తగ్గి ఉంటే, మిగతా ప్రోటీన్ల వాటా పెరుగుతుంది. యాక్టిన్ బ్యాండ్ కూడా ముదరాలి, అప్పుడు యాక్టిన్ లెక్క మొత్తం ప్రోటీన్ లెక్క కంటే తక్కువ రావాలి. ఇక్కడ ఎక్కువ వచ్చింది. కాబట్టి యాక్టిన్ నిజంగా తగ్గి ఉండాలి, లేదా దాని బ్యాండ్ గరిష్ఠ స్థాయిలో ఆగిపోయి ఉండాలి.

పత్తి పరిశోధకుడు, హన్మకొండ

మేడమ్, ఫోటోలు మళ్లీ కొలిచాను. 30 మైక్రోగ్రాములు ఎక్కించాను. ఎండిన మొక్కల వరుసల్లో పాన్సో రంగు 1.4 రెట్లు ముదురుగా ఉంది, యాక్టిన్ మాత్రం రెండు వైపులా సమానంగా ఉంది. నిన్న 5, 10, 20, 40 మైక్రోగ్రాముల వరుస వేసి చూశాను. 5 నుంచి 10కి యాక్టిన్ బ్యాండ్ దాదాపు రెట్టింపైంది, 20 తరువాత దాదాపు కదలలేదు. ఎండకాలంలో మా గదిలో ట్రాన్స్‌ఫర్ ట్యాంకు వేడెక్కి ప్రోటీన్ సరిగా ఎక్కలేదేమోనని ముందు అనుమానపడ్డాను. కానీ నిన్న ఐసు ప్యాకులు మార్చుతూ నడిపినా యాక్టిన్ తీరు మారలేదు.

అసలు ఎక్కింపులోనే తేడా ఎందుకొచ్చిందో కూడా దొరికింది. నేను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కలిపిన ద్రావణాన్నే, ప్రోటీన్ మోతాదు కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్షకు వాడాను.

జీవరసాయన అధ్యాపకురాలు, కరీంనగర్

ఎస్‌డీఎస్ ఉన్న ద్రావణంలో బ్రాడ్‌ఫర్డ్ కొలతను నమ్మకూడదు. అది ఉండగా బీసీఏ అనే మరో ప్రోటీన్ కొలత పరీక్ష వాడండి, కాని మెర్కాప్టోఇథనాల్ కలపకముందే కొలవండి, లేకపోతే అదీ తప్పుతుంది.

వైద్య పరిశోధన విద్యార్థి, వరంగల్

ఈ ప్రయోగంలో యాక్టిన్ లెక్క తప్పని ఒప్పుకుంటున్నాను. రుబిస్కో ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పాన్సో ఫోటోలో 55 కిలోడాల్టన్ల పట్టీని వదిలి, మిగతా వరుసతో ఒకసారి భాగించి చూడండి అన్నా. రెండు విధాలుగానూ 1.5 దరిదాపుల్లో వస్తే నా అభ్యంతరం ఉండదు, రాకపోతే రెండు అంకెలనూ, పాన్సో ఫోటోనూ వ్యాసంలో పెట్టండి.

పత్తి పరిశోధకుడు, హన్మకొండ

అలాగే చేస్తాను. కొత్త మొక్కలతో, ఈసారి 8 మైక్రోగ్రాములతో మొదలుపెడుతున్నాను. పలుచన వరుస ఫోటోను మా గైడ్ గారికి రేపు చూపిస్తాను.