అయ్యప్ప మాలలో ఇన్సులిన్ మానేయమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న
స్వామి శరణం. మా బావగారు ఈ కార్తీకంలో కన్నెస్వామిగా 41 రోజుల దీక్ష తీసుకుంటున్నారు. వయసు 52, షుగర్ వచ్చి పన్నెండేళ్లు. మిక్స్‌టార్డ్ 30/70 ఇన్సులిన్ సూది పొద్దున, రాత్రి, దానితోపాటు షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ బిళ్లలు. ఇన్సులిన్ పంది నుంచి తీస్తారు కాబట్టి మాలలో పనికిరాదని, వేలు గుచ్చి నెత్తురు తీస్తే దీక్షాభంగమని, ఒంటిపూట సాత్వికాహారంతో షుగర్ దానంతటదే దిగుతుందని గురుస్వామి చెప్పారు. ఆయన మాట కాదనలేం, సూది మానాలంటే భయం. తెలిసిన స్వాములు చెప్పండి.

మందుల షాపు స్వామి
పంది మాట ఒకప్పుడు నిజమే. పంది, ఆవు క్లోమం నుంచే తీసేవారు. 1982లో జన్యు పద్ధతిలో చేసిన హ్యూమన్ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక ఆ అవసరం తప్పింది. మీరు వాడే మిక్స్‌టార్డ్‌ను ఈస్ట్ ద్వారా తయారుచేస్తారు, బ్రెడ్డు పిండి పొంగించే జాతే అది. హ్యూమన్ అంటే మనిషి ఒంట్లోంచి తీసిందని కాదు, మన ఒంట్లో తయారయ్యేదాన్నే పోలి ఉంటుందని. పెట్టె మీద హ్యూమన్ అన్న మాట, ఆర్‌డీఎన్‌ఏ (జన్యు పద్ధతిలో చేసిందని గుర్తు) అన్న మాట గురుస్వామికే చూపించండి. పశువుల సంగతి అడగాల్సింది క్యాప్సూళ్ల గురించి, వాటి తొడుగు చాలావరకు జెలటిన్. బావగారివి బిళ్లలే కాబట్టి ఆ చిక్కూ లేదు.

దీక్షా వేళలు
సూది మానకూడదు, వేళ మార్చుకోవాలి. 30/70లో 70 పాళ్లు నిదానంగా పనిచేసే రకం. వేసుకున్న నాలుగు గంటల నుంచి దాని బలం పెరుగుతుంది. పొద్దున ఏడింటికి మామూలు మోతాదు వేసుకుని, టిఫిను మానేసి, ఒంటిగంటకు భిక్షకు కూర్చుంటే పదకొండింటికే షుగర్ పడిపోవచ్చు. గ్లిమెపిరైడ్ కూడా అంతే, తిండి లేకపోయినా షుగర్‌ను దించుతుంది. చెమట, చేతుల వణుకు, మాట తడబడడం కనిపిస్తాయి. భజనలో మనిషి అలా ఊగిపోతుంటే స్వామి పూనాడనుకుని చుట్టూ ఉన్నవాళ్లు శరణుఘోష పెంచుతారు. ఆ కాసేపట్లోనే స్పృహ పోతుంది.

మాల వేసుకోవడానికి వారం ముందే స్నానం, పూజ, భిక్ష, రాత్రి అల్పాహారం వేళలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఏ పూట ఎన్ని యూనిట్లో ఆయనే మారుస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, షుగర్‌ను మూత్రంలో పంపే బిళ్ల ఉంటే అది కూడా చెప్పండి, ఉపవాసంలో నెత్తుట్లో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది.

షుగర్ 70 కంటే దిగితే గ్లూకోజ్ పొడి 15 గ్రాములు, అంటే చిన్న చెంచాతో నిండుగా మూడు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ గుచ్చి చూడాలి. పాయసం, లడ్డూ పెట్టొద్దు, నెయ్యి వల్ల తీపి నెత్తుట్లోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్ అనే షుగర్ బిళ్ల వాడేవారికి పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

సాత్వికాహారమైనా తెల్లన్నం, పులిహోర, పాయసం ఒకే విస్తట్లో పడితే షుగర్ ఎగురుతుంది. ముందు కూర, పప్పు తిని అన్నం తగ్గించుకోవాలి. 300 దాటి వాంతులో కడుపునొప్పో వస్తే ఆసుపత్రే. టైప్ 1 వాళ్లు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకానివాళ్లు, సూది ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, వాళ్లతో ఎవరూ మానిపించొద్దు.

వేలు గుచ్చితే వచ్చేది ఆవగింజంత నెత్తురు. గురుస్వామికి మనసొప్పకపోతే రోజువారీ పరీక్ష స్నానానికి ముందు చేసుకుని, ఆ తర్వాత పూజకు కూర్చోవచ్చు. నలతగా ఉంటే మాత్రం వేళ చూడకుండా అప్పటికప్పుడే.

పెరియ పాదం స్వామి
పాదాల సంగతి ఎవరూ రాయలేదు. పన్నెండేళ్ల షుగర్ అంటే అరికాలు మొద్దుబారి ఉండొచ్చు, ముల్లు దిగినా తెలియదు. డాక్టరు దగ్గర మోనోఫిలమెంట్ పరీక్ష (సన్నని నైలాన్ పోగుతో అరికాలి స్పర్శ చూడడం) చేయించండి. స్పర్శ తగ్గిందని తేలితే చెప్పుల్లేకుండా 41 రోజులు నడవకూడదు, ఆ మాట డాక్టరు చేతే గురుస్వామికి చెప్పించండి. స్పర్శ ఉన్నా రోజూ సాయంత్రం స్నానమయ్యాక వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి, కింద అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. పగులో పొక్కో కనిపిస్తే పసుపు అద్ది వదిలేయకుండా మర్నాడే చూపించాలి.

పంబ నుంచి సన్నిధానానికి దాదాపు 5 కిలోమీటర్లు, నీలిమల, అప్పాచిమేడు దగ్గర నిట్టనిలువు ఎక్కుడు. గ్లూకోజ్ పొట్లం నడుముకే కట్టుకోవాలి. ఇన్సులిన్, మీటరు భుజం సంచిలో ఉండాలి. ఇరుముడిలో పెడితే అవసరానికి అందవు, వ్యాను డ్యాష్‌బోర్డు మీద వదిలితే ఇన్సులిన్ వేడికి పాడవుతుంది. ఐసుకు ఆనించి పెట్టినా గడ్డకట్టి చెడుతుంది. మిక్స్‌టార్డ్ సీసాను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించాక కూడా తెల్లటి పలుకులు మిగిలితే పారేయండి.