మూడేళ్ల బాబుకు ఎం.సి.యు. పరీక్ష రాశారు, తప్పదా?

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లె మాది. మా బాబుకు ఈ ఏడాది రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. రెండుసార్లూ మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. స్కానింగులో ఎడమ కిడ్నీ కొంచెం ఉబ్బిందన్నారు. కాకినాడ డాక్టరు గారు ఎం.సి.యు. రాశారు. గొట్టం పెట్టి, మందు ఎక్కించి, పిల్లవాడు మూత్రం పోస్తుండగా ఎక్స్‌రే తీస్తారట. వినగానే మా ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడలేదు. స్కానింగ్ తీశాక మళ్లీ ఇదెందుకండీ? బార్లీ నీళ్లు పడితే చాలని మా అమ్మ అంటోంది.

జవాబు: రాజమహేంద్రవరంలో ఎక్స్‌రే విభాగంలో చాలాకాలం పనిచేశాను. కిడ్నీ ఉబ్బిందని స్కానింగ్ చెబుతుంది కానీ, ఎందుకు ఉబ్బిందో చాలాసార్లు చెప్పలేదు. మన మురుగుకాలువలు సముద్రం వైపు కలిసేచోట స్లూయిస్ తలుపులు చూసే ఉంటారు. పోటు వస్తే అవి మూసుకుని ఉప్పునీటిని చేలమీదికి రానివ్వవు. కిడ్నీ నుంచి దిగే నాళం కూడా మూత్రాశయం గోడలో ఏటవాలుగా దూరి వస్తుంది. సంచి నిండి ఒత్తిడి పెరిగితే అది నొక్కుకుని మూసుకుంటుంది. కొందరు పిల్లల్లో సరిగా మూసుకోక మూత్రం పైకి ఎగదన్నుతుంది. తలుపు పాడైందో లేదో ఆటు సమయంలో చూస్తే ఏం తెలుస్తుంది? మూత్రం పోసేటప్పుడే సంచిలో ఒత్తిడి ఎక్కువ, కాబట్టి అప్పుడే చూడాలి. మగపిల్లల్లో మూత్రమార్గానికి పొర అడ్డుపడి ఉన్నా ఆ క్షణంలోనే బయటపడుతుంది.

సన్నని గొట్టమే పెడతారు. సాధారణంగా మత్తు ఇవ్వరు. ఎక్స్‌రేలో కనిపించే మందు సీసాను పైన వేలాడదీస్తే గొట్టం గుండా దానంతట అదే సంచిలోకి దిగుతుంది. వయసుకు రెండు కలిపి 30తో హెచ్చవేస్తే సంచి పట్టే కొలత సుమారుగా వస్తుంది. మీ బాబుకు 150 మిల్లీలీటర్లు. అసలు తంటా ఆ తర్వాతే. కొత్త మనుషులు చుట్టూ నిలబడి ‘పోయి నాన్నా’ అంటే ఏ పిల్లవాడికి వస్తుంది! గోరువెచ్చని నీళ్లు పోసి, కుళాయి తిప్పి శబ్దం వినిపించి, బతిమాలేవాళ్లం.

ఎగదన్నడాన్ని ఒకటి నుంచి అయిదు దశలుగా చెబుతారు. తొలి దశలవి చాలామందికి ఎదిగేకొద్దీ తగ్గిపోతాయి. బార్లీ నీళ్లు పట్టండి, తప్పులేదు, కానీ అవి తలుపును బాగుచేయవు.

మరో జవాబు: పాలకొల్లు నుంచి రాస్తున్నాను. మా పాపకు ఇదే పరీక్ష చేయించాం. మొదటిసారి తీరా వెళ్లాక, కల్చర్‌లో, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో, క్రిములు ఉన్నాయని వెనక్కి పంపేశారు. ఇన్ఫెక్షన్ ఉండగా చేస్తే అది పైకి పాకుతుందట. బస్సు ఖర్చులు దండగ. మీరు రిపోర్టు ఫోనులో చూపించి మరీ బయలుదేరండి. పరీక్షకు ముందూ వెనకా యాంటీబయాటిక్ ఇస్తే చెప్పినన్ని రోజులూ వేయండి. ఆ రోజంతా మంట అని ఏడ్చింది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెడితే అందులోనే పోసింది, మేమూ ఊరుకున్నాం. నీళ్లు బాగా తాగించండి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాజమహేంద్రవరం నుంచి మళ్లీ: ఒక మాట మరిచాను. రేడియేషన్ మోతాదు తక్కువే, అయినా గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు. బాబుతో ఎవరు లోపలికి వెళ్లాలో ముందే అనుకోండి.

ప్రశ్న వేసినవారు: మా ఆవిడకు ఇప్పుడు అయిదో నెల. మంచి మాట చెప్పారండీ. నేనే వెళ్తాను. రేపు పొద్దున్నే కల్చర్‌కు ఇస్తున్నాం.