హెలికాప్టర్ అంబులెన్స్ డ్యూటీ: ఎగరని హెలికాప్టర్‌లో డాక్టర్‌కి ఏం నేర్పుతారు?

మత్తుడాక్టర్:
అందరికీ నమస్కారం. గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, ఇక్కడ జర్మనీలో అనస్థీషియా పూర్తిచేశాను. ఇప్పటిదాకా ఎమర్జెన్సీ డ్యూటీ అంటే కార్లో వెళ్లడమే, ఇకనుంచి హెలికాప్టర్. దానికి ముందు బాన్ పక్కన హంగెలార్‌లో ఉన్న, ఇక్కడ హెలికాప్టర్ అంబులెన్సులు నడిపే ఏడీఏసీ వాళ్ల సెంటర్‌కి సిమ్యులేటర్ ట్రైనింగ్‌కి వెళ్లాలట. పైలట్‌కి అంటే అర్థముంది గానీ, ఇన్నేళ్లుగా రోజూ గొంతులో ట్యూబ్ వేస్తున్నవాణ్ణి, బొమ్మ మీద మళ్లీ నాకేం నేర్పుతారు? పైగా జెయింట్ వీల్ ఎక్కితేనే నాకు వాంతులు, ఆ టెన్షన్ వేరే. వెళ్లొచ్చినవాళ్లెవరైనా చెప్పండి.

కొలోన్ కోడలు:
నేనూ మీలాగే అనుకుంటూ వెళ్లానండీ. అక్కడ హెలికాప్టర్ క్యాబిన్‌ని కదిలే ప్లాట్‌ఫామ్ మీద బిగించారు, ఊగుతుంది, చప్పుడు చేస్తుంది, లోపల కెమెరాలు. స్టెతస్కోప్ దండగ, ఏమీ వినపడదు. ట్యూబ్ సరైన చోటే ఉందా అన్నది మానిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ గీత చూసి తెలుసుకోవాల్సిందే. ఈసీ135 లాంటి చిన్న హెలికాప్టర్‌లో పేషెంట్‌ని ఎక్కించాక కాళ్లవైపు చెయ్యి అందడం కష్టం, కాబట్టి ట్యూబ్ వేయాలా, ఇంకో ఐవీ లైన్ పెట్టాలా అన్నవన్నీ కిందుండగానే తేల్చుకోవాలి, ఇది చదివితే తెలియదు, ఇరుక్కుంటేనే తెలుస్తుంది. నా సెషన్‌లో బొమ్మకి గుండె ఆగింది. నేను గబుక్కున బెల్టు విప్పి లేచిపోయాను. తర్వాత వీడియో వేసి చూపించారు: పైలట్ మూడుసార్లు "దింపమంటారా?" అని అడిగాడు, మేమెవ్వరం పలకలేదు. నాకైతే ఆ ప్రశ్న వినపడినట్టే గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

రిటైర్డ్ రోటర్ (మాజీ పైలట్‌ని):
డాక్టరుగారూ, వెనకాల కూర్చునేవాళ్లకి ఎందుకని కదా మీ ప్రశ్న. హెలికాప్టర్ అంబులెన్సులు కూలడానికి పెద్ద కారణాల్లో ఒకటి అనుకోకుండా మబ్బులోకో మంచులోకో దూరిపోవడం. 1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీవాళ్లు, పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందిని మామూలు విమానంలోనే బయటేమీ కనపడకుండా చేసి పరీక్షించారు, 20 మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. హెలికాప్టర్ అంతకంటే పెంకి ఘటం. నిజం మబ్బులో ఇది ప్రాక్టీస్ చేస్తే ప్రాక్టీసే ఆఖరిదవుతుంది, అందుకే సిమ్యులేటర్. మన బెంగళూరులో హెచ్‌ఏఎల్, కెనడా సిమ్యులేటర్ కంపెనీ సీఏఈ కలిసి పెట్టిన హాట్సాఫ్ ట్రైనింగ్ సెంటర్ ఉన్నదీ ఇలాంటి పనికే. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో వైఎస్ రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్‌కి ఏమైందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అది అంబులెన్స్ కాదు గానీ, వాన మబ్బుల మధ్య గేర్‌బాక్స్ ఆయిల్ సమస్య మీదే పైలట్ల ధ్యాసంతా పోయిందని దర్యాప్తులో తేలింది. చుట్టూ చూసే ఇంకో జత కళ్లు మీరే. చాలాచోట్ల పేషెంట్ పసిపిల్లా ముసలాయనా అన్నది కూడా బయల్దేరేముందు పైలట్‌కి చెప్పరు, చెబితే మనసు ముందుకు లాగుతుంది కాబట్టి. "అందరూ సరేనంటేనే వెళ్లాలి, ఒక్కరు వద్దన్నా వెనక్కే" అన్నది గోడమీద రాసుకుంటే రాదు సార్, వద్దని నోరు తెరిచి ఒకసారైనా అని ఉండాలి. పెద్ద పైలట్ ముందు కొత్త నర్సుకి ఆ మాట ఎంత కష్టమో నేను చూశాను.

టెక్సాస్ నర్సమ్మ:
అంతా నిజమే గానీ సిమ్యులేటర్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి అన్నలూ. బొమ్మకి చెమట పట్టదు, వాళ్లమ్మ వచ్చి మీ చెయ్యి పట్టుకోదు. రాత్రిపూట హైవే మీద దిగితే రెక్కల గాలికి లేచే దుమ్ము ఏ గదిలోనూ రాదు. నేను ఇంతకుముందు చేసినచోట ఏడాదికోసారి సిమ్యులేటర్‌కి పంపి, తప్పులన్నీ ఫైల్లో రాసిపెట్టేవాళ్లు. దాంతో అందరం నటించడం నేర్చుకున్నాం తప్ప ఇంకేమీ కాదు. వీడియో చూసి మాట్లాడుకునే ఆ గంటే అసలు ట్రైనింగ్, అక్కడ తిట్లు లేకపోతేనే.

మత్తుడాక్టర్:
చాలా థాంక్స్, కళ్లు తెరుచుకున్నాయి. వాంతుల సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు!

కొలోన్ కోడలు:
ఖాళీ కడుపుతో వెళ్లకండి, రెండు ఇడ్లీలు తిని వెళ్లండి. మా బ్యాచ్‌లో ముందు వాంతి చేసుకున్నది ఇన్‌స్ట్రక్టరే.