అప్‌డేట్: కొత్తవారికి తగిన అఫిలియేట్ ప్రోగ్రామ్ ఎంపిక
కమీషన్ శాతాన్ని బట్టే, మన లింకు ద్వారా ఎవరైనా వస్తువు కొంటే మనకు కమీషన్ ఇచ్చే అఫిలియేట్ ప్రోగ్రామ్‌ను ఎంచుకోవచ్చా అని నేను ఇక్కడ అడిగిన ప్రశ్న తేలింది. ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. చేరకముందే షరతులన్నీ చదవమన్న సలహాయే పనిచేసింది. నేను మొగ్గు చూపిన అధిక కమీషన్ ప్రోగ్రామ్‌లో కనీస చెల్లింపు పరిమితి (ఖాతాలో ఇంత జమ అయితేనే చెల్లిస్తామనే మొత్తం) ఎంత ఎక్కువంటే, కొత్తవారి చేతికి సొమ్ము అందడానికి చాలా కాలం పడుతుంది. చివరికి, నేను వాడి సమీక్షలు రాసే కెమెరా పరికరాలు దొరుకుతాయి కనుక అమెజాన్ వారి అఫిలియేట్ ప్రోగ్రామ్ అయిన అమెజాన్ అసోసియేట్స్‌లో చేరాను. అక్కడ లింకు నొక్కిన 24 గంటల్లో కొన్నా, ఆలోపు కార్టులో చేర్చిన వస్తువును 90 రోజుల్లోపు ఆర్డరు చేసినా కమీషన్ లెక్కలోకి వస్తుంది. అయితే చేరిన 180 రోజుల్లో అర్హమైన అమ్మకాలు కనీసం 3 జరగకపోతే ఖాతా మూసివేస్తారు కాబట్టి, పాఠకులు కొంతమేరకైనా ఏర్పడిన తర్వాతే దరఖాస్తు చేయడం మేలని నా అభిప్రాయం.