హైదరాబాద్‌లో అద్దెలు: మీ ఏరియాలో ఎంత నడుస్తోంది?

కొండాపూర్_కిరాయిదారు: మా 11 నెలల అగ్రిమెంట్ అయిపోవస్తోంది. డబుల్ బెడ్‌రూమ్‌కి 24 వేలు కడుతున్నాం. వచ్చే నెల నుంచి 29 ఇవ్వండి, లేకపోతే 32కి వేరేవాళ్లు రెడీగా ఉన్నారంటున్నారు ఓనర్ గారు. ఆఫీసులు మళ్లీ రమ్మన్నప్పటి నుంచి ఈ వైపు అద్దెలకి పట్టపగ్గాల్లేవు. పాప స్కూల్ ఇక్కడే. దూరం వెళ్లినవాళ్లు నిజంగా ఏమైనా మిగుల్చుకుంటున్నారా?

నిజాంపేట్‌వాసి: మేం అలాగే ఇటు వచ్చాం అండీ. అద్దె 8 వేలు తగ్గింది. కానీ ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ల ఖర్చంతా మెయింటెనెన్స్‌లో వేస్తారు. 2 వేలు కాస్తా 4 వేలవుతుంది. పైగా పొద్దున జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్. పెట్రోల్ కూడా కలిపి చూస్తే చేతిలో మిగిలేది సగమే.

బ్లూలైన్: నాగోల్, ఉప్పల్ చూడండి. నాగోల్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఐటీ ఆఫీసుల వైపు, రాయదుర్గం దాకా వచ్చేయొచ్చు. ఇల్లు మాత్రం స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి, లేదంటే మిగిలిందంతా ఆటోలకే.

అమీర్‌పేట్_హాస్టల్: మీకు ఫ్యామిలీ అని ఇల్లైనా ఇస్తున్నారు అన్నా. మేం ముగ్గురు అమ్మాయిలం, ఉద్యోగాలు చేస్తున్నాం. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె సంగతి తర్వాత, ముందు "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు. నాన్‌వెజ్ వండుతారా, ఎవరైనా వస్తారా... చివరికి హాస్టల్లోనే ఉండిపోయాం. ఇది చాలా బాధగా ఉంటుంది.

కూకట్‌పల్లి_ఓనర్: రిటైరయ్యాక పై పోర్షన్ అద్దెతోనే మందులు కొనుక్కుంటున్నాం. పన్ను, రిపేర్లు మాకూ పెరిగాయి. అయినా ఉన్నవాళ్లకి ఏడాదికి 5 శాతం మించి పెంచను. మంచివాళ్లు వెళ్లిపోతే ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటుంది, ఆ నష్టమే ఎక్కువ. మీ ఓనర్‌తో ఈ లెక్క చెప్పి మాట్లాడండి.

లెక్కల_మాస్టారు: ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలనే లెక్కతో అందరూ 11 నెలలు రాస్తారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదంటుంది. కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు చూపించాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ కావాలి. ఇల్లు మాట్లాడుకునే రోజే అడగండి, తర్వాత అడిగితే ఇవ్వరు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో కూడా అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

కొండాపూర్_కిరాయిదారు: చాలా థ్యాంక్స్ అండీ. ముందు 26కి అడిగి చూస్తాం. కుదరకపోతే ఆదివారం నాగోల్ వెళ్తాం. అక్కడ నీళ్లెలా ఉంటాయి?

బ్లూలైన్: ఒక్కో అపార్ట్‌మెంట్‌ది ఒక్కో కథ. ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి, మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు దించుతారో.