2 పగళ్లు, 1 రాత్రి, వీపున ఒక సంచి: తక్కువ ఖర్చులో విశాఖ ఎలా చూడాలి?

స్లీపర్‌క్లాస్: శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున విశాఖలో దిగడం, ఆదివారం తిరుగు ప్రయాణం. రైలు ఖర్చు పోను చేతిలో 2 వేలు. శనివారం ఊరు, ఆదివారం భీమిలి దారి అనుకుంటున్నాను. ఎక్కడ పడుకోవాలి, ఏది వదిలేయాలి? అరకు కూడా కలుస్తుందా?

డాబాగార్డెన్స్: అరకు కలవదండీ. పొద్దున కిరండూల్ పాసింజర్ ఎక్కితే అరకు చేరడానికే సుమారు 4 గంటలు, రావడానికి మళ్లీ అంతే. ఒక పగలు మొత్తం దానికే పోతుంది. దానికి విడిగా రావాల్సిందే.

గోదావరి విశాఖలోనే ఆగిపోతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. వేరే రైళ్లలో వచ్చేవాళ్లు మాత్రం టికెట్ మీద స్టేషన్ కోడ్ చూసుకోవాలి. వీఎస్‌కేపీ అంటే విశాఖ, డీవీడీ అంటే దువ్వాడ. విశాఖ స్టేషన్లోకి వచ్చిన రైలు భువనేశ్వర్ వైపు పోవాలంటే ఇంజిను రెండో చివర తగిలించుకుని వెనక్కి మళ్లాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరప్రాంతపు బండ్లు దువ్వాడ నుంచే పక్కదారి పట్టి పోతాయి. దువ్వాడ నుంచి ఊళ్లోకి దగ్గర దగ్గర 20 కిలోమీటర్లు. అర్ధరాత్రి దిగితే ఆటోకిచ్చే డబ్బుతో ఒక రోజు భోజనాలు గడిచిపోతాయి.

స్టేషన్లో దిగాక జ్ఞానాపురం వైపు గేటులోంచి బయటపడకండి, పట్టాలకు అవతల పడిపోతారు. బీచ్ వైపు, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు బస్సులన్నీ మెయిన్ గేటు వైపే.

పడకకు మొదట చూడాల్సింది స్టేషన్లోని రిటైరింగ్ రూముల డార్మిటరీ. పీఎన్‌ఆర్ నంబరుతో ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు. టికెట్ కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ అయి ఉండాలి. శని, ఆదివారాలకు త్వరగా నిండిపోతుంది, టికెట్ చేతికొచ్చిన రోజే చూసుకోండి. దొరక్కపోతే కాంప్లెక్స్, డాబాగార్డెన్స్, అల్లిపురం చుట్టుపక్కల లాడ్జీలు. గది అడిగేటప్పుడు 24 గంటల చెకౌటా, లేక మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలా అని ముందే తేల్చుకోండి. పొద్దున 7కి దిగేవాళ్లకు ఈ రెండింటికీ మధ్య ఒక పూట అద్దె తేడా వస్తుంది.

గోనెసంచి: స్టేషన్లో సామాను దాచిపెట్టే క్లోక్ రూమ్ గురించి ఒక మాట. తాళం లేని సామాను తీసుకోరు. మామూలు వీపు సంచికైతే ఎదురెదురుగా వచ్చే రెండు జిప్పుల లాగుడు పిడుల్లో సన్నటి చిల్లులుంటాయి. ఆ రెండింటినీ దగ్గరకు తెచ్చి ఒకే తాళం దూర్చాలి. కాడ లావుగా ఉన్న ఇంటి తాళం ఆ చిల్లుల్లో పట్టదు, సూట్‌కేసులకు వేసే సన్నకాడ తాళమే కొనండి. ట్రెక్కింగ్ సంచులకు పైన తాడు ముడి, క్లిప్పు తప్ప జిప్పు ఉండదు. అలాంటి దాన్ని జిప్పున్న పెద్ద బట్ట సంచిలో పెట్టి దానికి తాళం వేయాలి. రైలు టికెట్, ఆధార్ చేతిలో ఉంచుకోండి, అడుగుతారు.

గోస్తని: విశాఖ చూడాల్సిన చోట్లన్నీ సముద్రం వెంట ఒకే గీత మీద ఉన్నాయి. దక్షిణం నుంచి చెప్పుకుంటే ఫిషింగ్ హార్బర్, ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, తెన్నేటి పార్కు, కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, చివర భీమిలి. ఆటోలకు డబ్బు తగలేసేవాళ్లంతా ఈ గీత మీద ముందుకీ వెనక్కీ తిరిగేవాళ్లే. ఒకేసారి చివరిదాకా బస్సులో పోయి, దిగుతూ ఎక్కుతూ వెనక్కి రావడం మంచి పద్ధతి.

భీమిలికి 900కె నంబరు బస్సు ఎక్కండి. బోర్డు మీద భీమిలి అని ఉన్నంత మాత్రాన ప్రతి బస్సూ సముద్రం పక్కన పోదు. 999 ఆనందపురం మీదుగా హైవే పట్టుకుని పోతుంది. ఎక్కే ముందు "ఋషికొండ మీదుగానేనా?" అని కండక్టర్‌ని అడగండి. కుడివైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. భీమిలిలో డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు నడిచే చూడొచ్చు, 2 గంటలు చాలు.

తిరిగి వస్తూ తొట్లకొండ. రోడ్డు మీద దిగాక కొండపైకి నడకే, నీడ తక్కువ. ఎండ ముదరకముందే పైనుండాలి, మనిషికి 2 లీటర్ల నీళ్లు ఉండాలి. 1976లో నౌకాదళం విమాన సర్వేలో ఈ బౌద్ధ స్థలం బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. పైకెక్కాక ఆ తొట్లు చూడకుండా ఫొటోలు దిగి వచ్చేయకండి. వానాకాలంలో పడిన ప్రతి చుక్కా దాచుకోవడానికి ఆ భిక్షువులు చేసుకున్న ఏర్పాటు అది.

ఉప్పుగాలి: స్నానం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు. మోకాలి లోతు కూడా వద్దు. అక్కడ ఒడ్డు మెల్లగా వాలదు, నాలుగడుగుల్లోనే లోతుకు దిగిపోతుంది. పడి విరిగిన అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. దీనికి కారణముంది. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి. అందుకే పోర్టు తవ్వి తీసిన ఇసుకను ఈ బీచ్‌లో పోస్తుంటారు, అలలు మళ్లీ కోస్తుంటాయి.

దిగాలనుంటే ఋషికొండలో, లైఫ్‌గార్డులున్న మేరలోనే దిగండి. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దానికి 2020లో వచ్చింది. అక్కడ కూడా ముందు ఒక 5 నిమిషాలు నిలబడి నీళ్లను చూడండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నురగ లేకుండా బురదరంగులో ఉంటే అది ప్రశాంతమైన చోటు కాదు, లోపలికి లాగే దారి. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక బయటపడాలి.

మురీ మిక్చర్: తిండికి చెబుతాను. పొద్దున పెసరట్టు ఉప్మా తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్. అడిగాకే కలిపించుకోండి, ముందే కలిపి పెట్టింది వద్దు. మరమరాలకు ఉల్లి, టమాటా తగిలాక కొద్ది నిమిషాల్లోనే మెత్తబడిపోతాయి, పైగా సముద్రపు గాలి తేమ. నిమ్మకాయ చివర్లో పిండాలి.

చేపలు తినాలనుకునేవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమని గుర్తుంచుకోండి. మర బోట్లు కదలవు. హార్బర్ బోసిగా ఉంటుంది, మంచి చేప దొరికినా ధర ఎక్కువ.

స్లీపర్‌క్లాస్: చాలా సాయం చేశారు. చెల్లెలు కూడా రావచ్చు. బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితమే కదా?

గోస్తని: ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డుంటేనే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం రాష్ట్రంలోని మహిళలకు. తెలంగాణ ఆధార్‌తో అయితే టికెట్ తీసుకోవాలి.

బ్లాక్‌ప్లేట్: ఇద్దరైతే స్కూటీ అద్దెకు తీసుకోవాలనిపిస్తుంది. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెల్లప్లేటు బండి సొంత వాడకానిది, అద్దె బండిగా నడుస్తుండగా ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది. గీతలన్నీ యజమాని ముందే వీడియో తీయండి. డాల్ఫిన్స్ నోస్ కొండ, డాక్‌యార్డ్ వైపు నౌకాదళం బోర్డులున్న చోట ఫోన్ బయటకు తీయొద్దు. డ్రోన్ అసలు తేవద్దు.

డాబాగార్డెన్స్: స్లీపర్‌క్లాస్ గారూ, మీ రోజుల వరుస మార్చండి. తిరుగు రైలు కూడా గోదావరే అయితే అది సాయంత్రం 5 దాటగానే కదులుతుంది. ఆదివారం భీమిలి పెట్టుకుంటే మధ్యాహ్నమంతా గడియారం చూసుకోవడమే అవుతుంది, సెలవు రోజు బీచ్ రోడ్డులో బండ్లు కూడా కదలవు. శనివారం దిగగానే సంచి క్లోక్ రూమ్‌లో పెట్టి 7 లోపు 900కె ఎక్కేయండి. ఊరు ఆదివారానికి ఉంచుకోండి.

ఆదివారం సూర్యోదయం ఆర్కే బీచ్‌లో. జూన్‌లో అయితే 5:20కి, జనవరిలో 6:30కి అటూ ఇటూ. తర్వాత ఫిషింగ్ హార్బర్, టిఫిను, ఆ పైన కురుసుర సబ్‌మెరైన్. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, ఆదివారం మాత్రం పొద్దున కూడా ఉంటుంది, సోమవారం సెలవు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన అసలు జలాంతర్గామి అది. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనుప ద్వారాలు. ముందు ఒక కాలు అవతల పెట్టి, తల వంచి, తర్వాత నడుము జరపాలి. వీపున సంచితో పట్టరు, పొడుగరులకు నుదురు తగులుతుంది. ఎదురుగా రోడ్డు దాటితే టీయూ-142 విమాన మ్యూజియం.

సింహాచలం పెట్టుకోవాలనుకుంటే ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తప్పించండి. గిరి ప్రదక్షిణకు వచ్చేవాళ్లు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు, హనుమంతవాక కూడలి నుంచి బస్సులు మళ్లించేస్తారు. మీ 900కె కూడా ఆ దారిదే.