ఆర్వో వేస్ట్ నీళ్లతో కారు కడగొచ్చా?

కూకట్‌పల్లి_వాసి:
అపార్ట్‌మెంట్‌లో పైపుతో కడగనివ్వరు. మాది బోరు నీళ్లు. ఆర్వో నుంచి పోయే నీళ్లు డ్రమ్ములో పడుతున్నాం. వాటితో కడిగితే పెయింట్‌కి ఏమన్నా అవుతుందా?

పానా_పదమూడు:
బాడీకి వద్దండి. మెంబ్రేన్ (ఆర్వోలోని వడపోత పొర) ఆపిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) మీ బోరు కన్నా ఎక్కువ. ఆరగానే తెల్లమచ్చలు, అద్దాల మీదైతే ఓ పట్టాన వదలవు. టైర్లకి, రబ్బరు మ్యాట్లకి వాడుకోండి.

నీడపట్టు:
ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి. లవణాలు దాదాపు ఉండవు, చివరి తుడుపుకి వాటిని మించినవి లేవు. మిగతాదానికి రెండు బకెట్లు, చెరో 8 లీటర్లు: ఒకదాంట్లో కార్ షాంపూ, రెండోది గుడ్డ జాడించడానికి. ముందు దుమ్ముని తడిపి నాననివ్వాలి. పొడి గుడ్డతో రుద్దితే ఆ ఇసకే గీతలు పెడుతుంది. టాప్ నుంచి కిందికి, ఒక్కో డోరూ కడిగి వెంటనే ఆరబెట్టండి. బానెట్ వేడిగా ఉంటే మొదలెట్టొద్దు, షాంపూ ఎండిపోతుంది.

పానా_పదమూడు:
ఇంకోటి. సర్ఫు, గిన్నెల లిక్విడ్ వాడితే పెయింట్ మీద పూసిన వ్యాక్స్ పోతుంది. నురగ నీళ్లు వాన కాలువలో పోయకండి, శుద్ధి కాకుండానే చెరువులో కలుస్తాయి. బాత్రూమ్‌లో పారబోయండి.

కూకట్‌పల్లి_వాసి:
ఇప్పటికే పడ్డ మచ్చలకి?

నీడపట్టు:
వైట్ వెనిగర్, నీళ్లు సమపాళ్లలో. నీడలో, ఒక్కో చోట తుడిచి నిమిషంలోపే కడిగేయండి.